ఎఱ్ఱకోట లాహోరు వాకిలి

“ఇంటిని జూచి యిల్లాలిని జూడు” మని మన పెద్దలు చెప్పుదురు. కోటల విషయమున నీ సామెతను గొంచెము మార్చి, వాకిలిని జూచి రాజును జూడుమని చెప్పవచ్చును. గోడ శత్రువును దలచి కట్టబడును. అంతఃపురము రాజు సుఖమును దలచి కట్టబడును. లోపలివారికిని వెలుపలివారికిని గల సంబంధమును దెలుపునది వాకిలి యొక్కటియే. ఎవరు లోనికి రావచ్చును, ఎవరు రాగూడదు, వచ్చువారు వాహన మెక్కి రావలెనా, నడచి రావలెనా, వీధిలోనివానికి రాజు కనబడునా, కనబడడా అను ప్రశ్నలకెల్ల ప్రత్యుత్తరము వాకిటియందే యున్నది. అట్లయ్యును కోటలు చూడబోవువారు వాకిలిని జూడరు. దాని క్రిందుగా నడచిపోవుదురు. ఢిల్లీ యెఱ్ఱకోటకు బోవువఱకు మేమును అట్టివారమే.

మేము ఢిల్లీకి బోవుట వినోదార్థము గాదు. మా పెద్దకుమార్తెకు అచ్చటి యొక కళాశాలలో ప్రవేశము లభించినది. “ఆడపిల్లను అంతదూరము పంపుదువట్రా?” అని మా తల్లిగారును, “మన ప్రాంతమున కళాశాలలు లేవా, బావగారూ?” అని మా బావమఱదియు నడ్డుచెప్పిరి. తరగతిలో నిలిచి స్త్రీవిద్యనుగూర్చి యేటేట నుపన్యసించు మేమును, నిజము చెప్పవలెనన్న, కొన్నిదినములు తటపటాయించితిమి. తుదకు మా యిల్లాలిని, అమ్మాయిని వెంటబెట్టుకొని విజయవాడలో రైలెక్కితిమి. కళాశాలలో జేరుటకు ముందు ఒక్కదినము వ్యవధి చిక్కినది. ఆ దినమును ఎఱ్ఱకోటకు వినియోగించితిమి.

కోటయొద్దనే దిగక, దానికి ఇంచుమించు ఒక మైలు పడమట నున్న ఫతేపురీ మసీదునొద్ద దిగి, చాందినీచౌకు వీధివెంబడి తూర్పుగా నడచితిమి. ఈ కోటను జూడవలసిన సరియైన త్రోవ యిదియే. షాజహాను తన రాజధానిని ఆగ్రానుండి మార్చదలచి 1639లో ఇచ్చట కోటకు బునాది వేయించెను. తొమ్మిదేండ్లకు, అనగా 1648లో, కోట ముగిసినది. ఉస్తాద్ అహమ్మదు, ఉస్తాద్ హామీదు అనువారు ప్రధాన శిల్పులు. కోటచుట్టును లేచిన నగరమునకు షాజహానాబా దని పేరు. ఆ నగరమునకు వెన్నెముకవంటిది ఈ వీధి. ఆనాడు దీని నడుమ కాలువ ప్రవహించెడిది. వీధిమధ్యమున నొక చౌకమును, అందొక కొలనును ఉండెడివి. ఆ కొలనిలో వెన్నెల ప్రతిఫలించుటచేతనే వీధికి చాందినీచౌ కని పేరు వచ్చినదందురు. నేడు కాలువయు లేదు, కొలనును లేదు. నగలకొట్లు, బట్టలకొట్లు, మిఠాయికొట్లు, వీనినడుమ జనసమ్మర్దము మాత్రము మిగిలినవి.

ఈ వీధి చరిత్రలో మనము జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఈ చౌకమును 1650 ప్రాంతమున నిర్మింపజేసినది రాజు గాదు, మంత్రియు గాదు. షాజహాను పెద్దకూతురు జహనారా బేగము. చౌకము ప్రక్కనే బాటసారులకొఱకు గొప్ప సరాయిని, తోటను ఆమెయే కట్టించెను. వీధి పడమటికొసనున్న ఫతేపురీ మసీదును కట్టించినదియు రాజు భార్యలలో నొకతెయగు ఫతేపురీ బేగము. ఇట్లు ఒక మహానగరపు రాజవీధి రెండు భాగములలో స్త్రీల ధనముతోడను, స్త్రీల సంకల్పముతోడను రూపొందినది. ఆ స్త్రీలు మాత్రము ఆ వీధిలో అందఱివలె నడువజాలనివారు. పల్లకితెరల సందునుండియే వారు తమ కట్టడములను జూచుకొనవలసియుండెను. ఈ మాట మాకు వీధిలో నడచునపుడు తట్టలేదు. కోట చూచి తిరిగివచ్చునపుడు తట్టినది.

వీధి తుదముట్టిన చోట ఎఱ్ఱని గోడ యెదురైనది. దీని చుట్టుకొలత ఇంచుమించు 2.4 కిలోమీటరులు. నగరమువైపున గోడయెత్తు 33 మీటరులవఱకు కలదు. నదివైపున 18 మీటరులు మాత్రమే. గోడలకు వాడిన యెఱ్ఱ యిసుకఱాతివలననే కోటకీ పేరు వచ్చినది. పడమటి వాకిలికి లాహోరు వాకిలి యనియు, దక్షిణపు వాకిలికి ఢిల్లీ వాకిలి యనియు పేరులు. ప్రాతనగరమువైపు చూచునది ఢిల్లీ వాకిలి. లాహోరు త్రోవవైపు చూచునది లాహోరు వాకిలి.

లాహోరు వాకిలి మూడంతస్తుల కట్టడము. ఇరుప్రక్కల ఎనిమిది పలకల బురుజులు, నడుమ నెత్తైన కమాను, కమానుపైని వరుసగా ఏడు చిన్న పాలఱాతి గుమ్మటములు, వానికి రెండువైపులను సన్నని మీనారులు కలవు. ఎఱ్ఱని బరువైన గోడమీద ఆ తెల్లని గుమ్మటములు, నల్లని జడలో దుఱిమిన మల్లెచెండువలె, చూచువారి కన్నులకు జల్లదనమును గలిగించును. కాని వీధినుండి చూచినప్పుడు మాకు ఆ గుమ్మటములే కనబడినవి, కమాను కనబడలేదు. కమాను నెదుట మఱియొక గోడ నిలిచియున్నది. తిన్నగా లోనికి పోవలెనన్న త్రోవ లేదు. ప్రక్కకు బోయి, వేఱొక గుమ్మముగుండ వంపుతిరిగి, అప్పుడు అసలు వాకిటి ముందఱకు జేరవలెను. “ఇంత యందమైన వాకిలి గట్టి దాని ముందట గోడ యేల పెట్టిరి, నాన్నా?” అని అమ్మాయి యడిగినది. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పుటకు రెండు తరముల చరిత్ర చెప్పవలసివచ్చినది.

షాజహాను గట్టించిన నాడు ఈ గోడ లేదు. ఆతని కోటకొక సూత్రము కలదు. దివానీ ఆమ్ అను సభామంటపమున పాలఱాతి మంటపము క్రింద రాజు కూర్చుండును. అచ్చటనుండి పడమటగా గీతగీచినట్లు నౌబత్ ఖానా, ఛత్తాచౌకు అను కప్పుగల అంగడివీధి, లాహోరు వాకిలి, చాందినీచౌకు, తుదకు ఫతేపురీ మసీదు నొక్క వరుసలో నున్నవి. కోటముందఱ నిలిచిన సామాన్యుని చూపు వాకిలిగుండ తిన్నగా రాజున్న దిక్కునకే పోయెడిది. ఇదిగాక, ఝరోకా దర్శన మను నాచారము అక్బరునాటినుండి వచ్చుచుండెను. ఉదయమున రాజు నదివైపుగల గవాక్షమున నిలిచి ప్రజలకు దర్శన మిచ్చెడివాడు. క్రింద ఇసుకతిన్నెలపై గూడినవారు రాజు క్షేమముగా నున్నాడని తెలిసికొని తమ తమ పనులకు బోయెడివారు. రాజదర్శనము గానిదే భుజింపమని వ్రతము పట్టినవారును కొందఱుండిరట.

ఇంతమాత్రమున షాజహానుకాలమును ధర్మరాజ్య మని మేము చెప్పము. రాజు కనబడుట వేఱు, రాజు ప్రజలను జూచుట వేఱు. ఆతడు రాజ్యమునకు వచ్చిన తొలిదినములలో, 1630 మొదలు 1632 వఱకు, గుజరాతును దక్కనును ఘోరక్షామము పీడించినది. ఆకలిచే లక్షలు మడిసిన ఆ సంవత్సరములలోనే తాజమహలునకు బునాదులు పడినవి. నౌబత్ ఖానా యొద్ద రాజవంశీయులు దక్క నెల్లవారును వాహనములు దిగి నడువవలసినదే. సభలో మనవియైనను నేరుగా రాజున కందదు. సింహాసనముక్రిందనున్న పాలఱాతి పీఠముపై నిలిచి మంత్రి యందుకొని పైకి అందించెడివాడు. అయినను కనబడవలెనను నియమములోనే యొక మంచిగుణమున్నది. దినదినము పదిమంది కంటబడువాడు ఆ పదిమంది యేమనుకొందురో యని కొంతయైనను జంకును.

1657లో షాజహాను జబ్బుపడిన పిమ్మట కొడుకులలో యుద్ధము పుట్టెను. ఔరంగజేబు గెలిచి, తండ్రిని ఆగ్రాకోటలో నిర్బంధించెను. అన్నయగు దారాను 1659లో చంపించెను. ఆ పిమ్మట ఎఱ్ఱకోట వాకిళ్ల రెంటి ముందటను ఈ యడ్డుగోడలను గట్టించెను. చెఱలోనున్న వృద్ధునకు ఈ వార్త తెలియగా, నీవు కోటను పెండ్లికూతును జేసి దాని మొగమునకు ముసుగు వేసితివని కొడుకునకు వ్రాసెనని యొక కథ పరంపరగా వచ్చుచున్నది.

ఔరంగజేబునకు న్యాయము తప్పక యీ సంగతి చెప్పవలెను. ఫిరంగులు వచ్చిన కాలమున తిన్నని త్రోవగల వాకిలి దుర్బలమైనది. ముందఱ గోడయు, వంపును ఉన్నచో శత్రువు గుంపుగా బడి తలుపులను బద్దలుకొట్టజాలడు. మన గోలకొండలో బాలాహిస్సారు ద్వారము నెదుటను ఇట్టి తెరగోడయే కలదు. కావున ఈ గోడ కేవలము మనుష్యద్వేషముచే బుట్టినది గాదు. కాని ఆతడే 1668 ప్రాంతమున ఝరోకా దర్శనమును గూడ మాన్పించెను. నరునకు నరుడు మ్రొక్కుట మతవిరుద్ధ మని ఆతడు చెప్పిన హేతువు. హేతువు సామాన్యమైనది గాదు. మ్రొక్కులు మాన్పించుట మంచిదే యనవచ్చును. అయితే మ్రొక్కుతోపాటు చూపును బోయినది. పడమట గోడ, తూర్పున మూసిన గవాక్షము, ఈ రెంటినడుమ రాజు దాగెను. 1679లో ఢిల్లీ విడిచిన ఆ చక్రవర్తి మరల దానిని జూడలేదు. 1707లో దక్కనులోనే మరణించెను.

మఱి ఆ గోడ కోటను గాపాడెనా? గోలకొండనే చూడుడు. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిదినెలలు దానిని ముట్టడించినది. ఫిరంగులు, సొరంగములు చేయలేని పనిని లంచము చేసినది. లోపలివాడొకడు రాత్రివేళ తలుపు తీసినాడు. తెరగోడ చూచుచు నూరకుండెను. ఆ గోలకొండను గెలిచినవాని కోటకును అదే గతి పట్టినది. 1739లో నాదిర్షా కర్నాలుయుద్ధమున గెలిచి, ఓడిన చక్రవర్తిని వెంటబెట్టుకొని, విజేతయై యీ కోట జొచ్చి, నెమలిసింహాసనమును దోచుకొనిపోయెను. 1760లో మహారాష్ట్రులు దివానీ ఖాస్ లోకప్పునకుగల వెండిని వలిచి కరగించిరి. 1788లో గులాం ఖాదిరు కోటలోపలనే, చక్రవర్తియగు రెండవ షా ఆలము కన్నులను బెఱికించెను. ఈ మూడు సమయములందును అడ్డుగోడ చెక్కుచెదరక నిలిచియే యున్నది. చెడినది దాని వెనుకనున్న రాజ్యము. ప్రజలకు రాజు కనబడని నాడు రాజునకు ప్రజలును కనబడరు; తన రాజ్యమున నేమి కుళ్లుచున్నదో వానికి దెలియదు.

వాకిలి దాటి మేము ఛత్తాచౌకులో బ్రవేశించితిమి. కప్పుక్రింద నిరువైపుల నంగళ్లు కలవు. ఒకప్పుడు అంతఃపురస్త్రీలకొఱకు పట్టుబట్టలును, రత్నములును అమ్మినచోట నేడు యాత్రికులకు బొమ్మలు, గాజులు అమ్ముచున్నారు. తరువాత నౌబత్ ఖానా. దినమున కైదుమాఱులు ఇచ్చట మంగళవాద్యములు మ్రోగెడివట. అంతకుమించి లోపల బయలే యెక్కువ. 1857 పిమ్మట ఇంగ్లీషువారు లోపలి మందిరములలో నధికభాగమును గూలద్రోసి సైనికుల పటాలపు ఇండ్లు గట్టిరి. నదివైపునున్న కొన్ని పాలఱాతి మందిరములు మాత్రము, పండ్లూడిన నోటిలో మిగిలిన రెండుమూడు దంతములవలె, వరుసగా నిలిచియున్నవి. నదియు కోటను విడిచి దూరముగా దొలగినది.

1857 మే 11వ తేదీ యుదయమున మీరట్ సిపాయీలు ఈ నదివైపు గవాక్షముక్రిందకే వచ్చి, ముసలి చక్రవర్తియగు బహదూరుషాను తమకు నాయకుడుగా నుండుమని పిలిచిరి. రెండువందల యేండ్లకుముందు ప్రజలు రాజును జూచినచోటనే సిపాయీలు రాజును వెదకుకొనుచు వచ్చుట విచిత్రముగా లేదా? ఆనాడే లాహోరు వాకిలియొద్ద ఇంగ్లీషు కమీషనరు ఫ్రేజరును, వాకిటి మీదిగదులలో నివసించు కోట కావలిసేనాని డగ్లసును, ఆ గదులలో నతిథులుగానున్న స్త్రీలును చంపబడిరి. సెప్టెంబరులో ఢిల్లీ మరల ఇంగ్లీషువారి చేజిక్కినది. 1858 జనవరి 27 మొదలు మార్చి 9 వఱకు, 82 ఏండ్ల వృద్ధు నాతని దివానీ ఖాస్ మందిరముననే నేరస్థునిగా నిలిపి విచారించిరి. రంగూనుకు బంపబడిన ఆ వృద్ధుడు 1862లో అచ్చటనే కన్నుమూసెను.

విదేశీయులును ఈ కోట మహిమను గుర్తెఱుగకపోలేదు. 1911లో అయిదవ జార్జిచక్రవర్తి ఢిల్లీకి వచ్చినపుడు, ప్రాతయాచారమును దలచి, ఆ నదివైపు గవాక్షముననే భార్యాసమేతుడై ప్రజలకు దర్శన మిచ్చెను. ఆచారమును దెచ్చుకొనగలిగెను గాని ప్రజల మనస్సును దెచ్చుకొనలేకపోయెను. 1945 నవంబరులో ఇదే కోటలో ఆజాద్ హింద్ ఫౌజునకు జెందిన షానవాజ్ ఖాను, ప్రేమ్ సెహగలు, గురుబక్ష్ సింగ్ ధిల్లాను అను ముగ్గురు సేనానులపై విచారణ సాగినది. భూలాభాయి దేశాయి వారిపక్షమున వాదించెను. న్యాయస్థానము యావజ్జీవ ద్వీపాంతరవాసమును విధించినను, దేశమంతటను లేచిన యాగ్రహమునకు వెఱచి, 1946 జనవరిలో వారిని విడిచిపెట్టవలసివచ్చినది. 1858లో నిర్జీవముగా జరిగిన విచారణకును, దీనికిని గల భేదము రాజులలో లేదు. గోడవెలుపలనున్న ప్రజలలో నున్నది.

1947 ఆగస్టు 16న జవాహరులాల్ నెహ్రూ లాహోరు వాకిటియొద్ద స్వతంత్రభారత పతాకము నెగురవేసెను. ఆ పిమ్మట ప్రతియేటను ఆగస్టు 15న ప్రధానమంత్రి యిచ్చట పతాకమెత్తి ప్రజలనుద్దేశించి ప్రసంగించుట యాచార మైనది. ఆ ప్రసంగము లాహోరు వాకిటి ముందఱి బురుజులమీదినుండి జరుగును. రాజును ప్రజలకు గానరాకుండ జేయు కట్టడము, పాలకుడు ప్రజల యెదుట నిలిచి యేడాదికొకమాఱు లెక్క యప్పగించు వేదికగా మాఱినది. ఱాయి ఆ ఱాయియే. దానిపై నిలుచువాడు మాఱినాడు, క్రింద నిలుచువాడును మాఱినాడు. అయినను మనము మురిసిపోవుటకు వీలులేదు. 1984లో ఇందిరాగాంధి హత్యకు గుఱియైన పిమ్మట చాల యేండ్లు ప్రధానులు తూటాలు దూరని యద్దముల చాటున నిలిచి ఇచ్చట మాటలాడిరి. 2014లో ఆ యద్దము లేకుండ ప్రసంగము జరిగినది. ముసుగునకు గారణము లెల్లప్పుడును దొరకును, ఆ కారణములు తఱచుగా సత్యములును అగును. అందుచేతనే దానిని గనిపెట్టియుండుట యవసరము.

ఇంక మేము చెప్పదలచిన అసలుమాట. అలసి రంగమహలు మెట్లపై గూర్చుంటిమి. అది అంతఃపురము. ప్రక్క మందిరమున పాలఱాతిని పట్టుబట్టవలె సన్నముగా దొలిచి చేసిన జాలకము కలదు. దాని నైపుణ్యమును బొగడని యాత్రికుడు లేడు. మా యిల్లాలు దానిని జూచి, “చెక్కినవాడు చేతులు దిరిగినవాడే. కాని దీని వెనుక కూర్చున్నదానికి ఇంత పని యెందుకు? ఒక కిటికీ చాలదా?” అన్నది.

అప్పుడు మాకు జహనారా జ్ఞప్తికి వచ్చినది. ఆమె తండ్రి చెఱలోనున్న ఎనిమిదేండ్లును, 1666లో ఆతడు మరణించువఱకు, ఆగ్రాకోటలో వెంటనుండి సేవించెను. కోటకు ముసుగు వేసితివని ఆ తండ్రి కొడుకును నిందించెనను కథ నిజమైనచో, ఆ మాట పలుకునపుడు ప్రక్కనున్నది ఆ కూతురే. కోటకు ముసుగు తప్పని తోచిన కన్నులకు కూతునకు ముసుగు తప్పని తోచలేదు! ఆమెయే రాజధానిలోని గొప్పవీధిని దీర్చినది. ఆ వీధికి వెలుగువంటి పేరు తెచ్చినది. అయినను ఱాతిమొగమున వేసిన తెరకు వగచినవాడు, మనుష్యమొగమున వేసిన తెరను సహజ మనుకొనెను. ఇది యొక్క షాజహాను దోషము గాదు. ఒక్క మతమువారి దోషమును గాదు. మన యిండ్లలో తలుపుచాటున నిలిచి వీధియరుగుమీది మగవారి మాటలు విన్న మన యవ్వలు, నాయనమ్మలు ఏ మొగలాయి యంతఃపురమునకు జెందినవారు?

చదువరులకడ దాచుట యెందుకు? కళాశాలనుండి అమ్మాయికి వచ్చిన యుత్తరమును మేము పదిదినములు బీరువాలో పెట్టితిమి. ఆ పదిదినములలో మా తల్లిగారి నడిగితిమి, బావమఱది నడిగితిమి, తోడి యుపాధ్యాయుల నడిగితిమి, తుదకు జాతకము వ్రాయువానిని గూడ నడిగితిమి. ఎవరి పేర నుత్తరము వచ్చెనో ఆ పిల్ల నొక్కతెను అడుగలేదు. అందఱును చెప్పిన కారణములు మంచివే: దూరము, భాష, చలి, ఖర్చు, కాలము బాగుండకపోవుట. ఔరంగజేబు చెప్పిన కారణములును మంచివే. మేమును ప్రేమచేతనే, తిన్నని త్రోవకు ముందఱ నొక గోడ గట్టి, వంపు త్రోవను జూపుచుంటిమి. ఆ సంగతిని ఆ మెట్లమీద కూర్చుండి అమ్మాయితో జెప్పితిమి. ఆమె కోపగించుకొనలేదు. “నాకు రెండవనాడే తెలిసినది, నాన్నా. మీరే చెప్పుదురని చూచుచుంటిని” అన్నది.

మఱునాడు విద్యార్థినుల వసతిగృహమునకు బోయితిమి. వాకిటియొద్ద కావలివాడు మమ్ము నిలిపి, పురుషులు లోనికి రాగూడదని చెప్పెను. పెట్టె నందుకొని మా యిల్లాలును, అమ్మాయియు లోనికి నడచిరి. మేము వెలుపల నిలిచి చూచుచుంటిమి. వాకిటినుండి మేడమెట్లవఱకు త్రోవ తిన్నగా నున్నది. మెట్లెక్కి వెనుదిరిగి చూచినవఱకును అమ్మాయి మాకు గనబడుచునే యుండెను.